పళ్ళకత్తెర దాచిన సంగతి

టైలరు వేల్లో మిషను సూది దిగింది. ఆయనకు తెలియనే లేదు. కుడుతున్న తెల్లచొక్కా మీద నెత్తురు మరక చూసి కోడలు కెవ్వుమంది. "మావయ్యా, వేలు!" ఆయన వేలు చూసుకున్నాడు. నొప్పి లేదు. ఆ నొప్పి లేకపోవడమే ఆయన గుండె ఝల్లుమనిపించింది.

వీధిలో ఆయన్ను పళ్ళకత్తెర అంటారు. నలభై ఏళ్ళుగా దారాన్ని పళ్ళతో కొరకడమే తప్ప దానికి కత్తెర పెట్టలేదు మరి! "అరవై దాటినా ఒక్క పన్ను కదల్లేదు" అని గిరాకీలందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. పాఠకులకు మాత్రం నిజం చెప్పాలి. పై పళ్ళు చాలావరకు ఊడిపోయి నాలుగేళ్ళయింది. ఉన్నది మిగిలిన పళ్ళకి తగిలించుకునే లోహపు కొక్కేల పళ్ళసెట్టు. ఇంట్లోవాళ్ళు లేవకముందే దాన్ని కడిగి పెట్టేసుకునేవాడు.

ఆసుపత్రిలో వెన్నెముక సర్జన్ పరీక్షలు చేయించాడు. మెడలో పై రెండు పూసలు జారి వెన్నుపామును నొక్కుతున్నాయన్నాడు. ఆలస్యం చేస్తే చేతులే కాదు, ఊపిరి కూడా ఆగిపోవచ్చు. స్క్రూలతో పూసల్ని బిగించాలి. ఏ స్క్రూ ఎటునుంచి ఎంత లోతుకు దించాలో ముందుగా సీటీ స్కాన్‌లో కొలుచుకోవాలి.

స్కాన్ గదిలో టెక్నీషియన్ అడిగింది. "మెడలో గొలుసులున్నాయా? కట్టుడు పళ్ళున్నాయా? ఉంటే తీసెయ్యాలండీ."

కోడలు పక్కనే ఉంది. "నాకా? రాళ్ళు నమిలే పళ్ళమ్మా ఇవి!" అని నవ్వేశాడు టైలరు. కోడలు తల దించుకుంది.

మర్నాడు సర్జన్ వాళ్ళిద్దరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. "రెండో పూసలో ఎడమవైపు స్క్రూ దించాలి. ఆ పక్కనుంచే మెదడుకి వెళ్ళే రక్తనాళం పోతుంది. కొందరికి అది ఎముక లోపలికి చొచ్చుకొచ్చి ఉంటుంది. మీకెలా ఉందో కనపడ్డం లేదు. పళ్ళలో లోహం ఉంటే ఇలా తెల్లచారలు పడతాయి. సరిగ్గా అక్కడే కప్పేశాయి. పుచ్చుపళ్ళకి ఎప్పుడో పూడిక వేయించుకుని ఉంటారు. దాన్నిప్పుడు తియ్యలేం కదా. రేపు ఆపరేషన్‌లో వెతుక్కుంటూ వెళ్తాం."

"ఆ నాళానికి స్క్రూ తగిలితే?" అంది కోడలు.

"ప్రాణానికే ముప్పమ్మా."

టైలరు నాలుక సెట్టు కొక్కేనికి తగిలింది. చచ్చేంత భయం వేసింది. అంత భయంలోనూ చెయ్యి నోటిదాకా రాలేదు. కోడలు చూస్తుందే! వీధంతా నవ్వుతుందే! సర్జన్ కాగితాలు సర్దుకుని లేచాడు.

"డాక్టరుగారూ, ఒక్క నిమిషం" అంది కోడలు. "మావయ్యా, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆయన ఆమెవైపు తెల్లబోయి చూశాడు. తర్వాత మెల్లగా సెట్టు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. "నీకెప్పట్నుంచి తెలుసమ్మా?"

"మొదట్నుంచీ తెలుసు. మీరు చిన్నబుచ్చుకుంటారని నోరెత్తలేదు. నిన్న స్కాన్ గదిలో కూడా..." ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ స్కాన్ తీశారు. చారలు లేవు. సర్జన్ తెరమీద ఒకచోట వేలు పెట్టాడు. "ఇదిగో, నాళం పోయే కన్నం. ఎముక మధ్యదాకా వచ్చేసింది. నేను స్క్రూ దించుదామనుకున్న దారి ఇదే. ఇప్పుడు ఈ పక్క పొట్టి స్క్రూతో సరిపెడతాను." ఆయన నుదుటి చెమట తుడుచుకున్నాడు. "ఎముక లోపలికైనా చూడగలం గానీ, మీరు దాచుకున్నది చూడలేం పెద్దాయనా. సిగ్గుతో దాచినా ముప్పే, మర్యాదకి పోయి ఊరుకున్నా ముప్పేనమ్మా. నేనూ మీ నోరు తెరిపించి చూడాల్సింది."

ఆపరేషన్ క్షేమంగా జరిగిందని ముందే చెప్పేస్తున్నాను. కానీ మర్నాడు పొద్దున థియేటరు తలుపు దగ్గర ఆ సంగతి ఎవరికీ తెలియదు. టైలరు స్ట్రెచర్ మీద పడుకుని ఉన్నాడు, పక్కనే కోడలు. వరండా నిండా జనం. వాళ్ళలో ఆయన గిరాకీలు కూడా ఇద్దరున్నారు. నర్సు చీటీ చూసి అడిగింది. "కట్టుడు పళ్ళున్నాయా తాతగారూ?"

"ఉన్నాయమ్మా" అన్నాడాయన, బోసినోటితో, వరండా అంతా వినపడేలా. "అవిగో, మా కోడలి చేతిలో. ఇంకా ఏమేం కావాలో అడుగు తల్లీ, ఒక్కటీ దాచను."