దవడ కింది గ్రంథి

నరెల్‌కు ఒళ్లు మండిపోతోంది. మైక్రోస్కోపు మీద వంగి ఉన్నా చెవుల్లో రాస్ మాటలే గింగురుమంటున్నాయి. పస్తుంచాల్సిన ఎలకలకు ఆమె పొరపాటున మేత పెట్టేసిందట. ఒప్పేసుకుంటే పోయేదేముందట! పదిన్నరకు విభాగమంతా టీ గదిలో చేరినప్పుడు ఆ సంగతి తనే చెబుతానన్నాడు, నవ్వుతూ. ఆయనకేం, ప్రొఫెసరు. ఆమెది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అజాగ్రత్త మనిషని ఒకసారి ముద్ర పడితే అడిలైడ్‌లో ఏ ప్రయోగశాలా ఆమెను గడప తొక్కనివ్వదు.

చేసింది చిన్న ప్రయోగమే. రాత్రంతా పస్తుంచిన ఎలకల్లో సగానికి పొద్దున గట్టి మేత వేస్తారు. నమిలిన వాటి లాలాజల గ్రంథులు ఖాళీ అవుతాయి, నమలని వాటివి నిండుగా ఉంటాయి. సోమవారం సెలవు గడిచాక, మంగళవారం నరెల్ అంతా పద్ధతిగానే చేసింది. తీరా చూస్తే పస్తున్న ఎలకల దవడ కింది గ్రంథులు కూడా ఊడ్చిపెట్టినట్టు ఉన్నాయి. వాటి ప్రాణాలు తీసింది ఆమె చేతులే. ఊరికే తీసినట్టయిందని ఇన్నాళ్లూ తనను తానే తిట్టుకుంది.

ఇప్పుడు అవే ఎలకల చెవి దగ్గరి గ్రంథిని చూస్తోంది. కణాల నిండా ఉమ్మిగా ఊరే రేణువులు, కాస్త కూడా తరగలేదు. మేత నమిలి ఉంటే ముందు ఖాళీ కావాల్సింది ఇదే. ఇది నిండుగా ఉండి దవడ కిందిది మాత్రం ఖాళీ అయిందంటే, అది మేత పని కాదు, వేడి పని. ఎలకకు చెమట పట్టి చల్లబడే వీలు లేదు. ఉడికిపోతుంటే ఉమ్మి ఒంటికి పూసుకుంటుంది. మొదటి ఏడాది పిల్లలకు ఈ పాఠం చెప్పేది సాక్షాత్తూ ఆ ప్రొఫెసరే.

ఆ మంగళవారం వాటి గొంతుల కింద బొచ్చు తడిసి అట్టగట్టి ఉంది. నీళ్ల సీసా కారిందనుకుంది, ఎందుకంటే గది చల్లగానే ఉంది. నరెల్ విసురుగా లేచి ఎలకల గది వైపు నడిచింది. తలుపు బయట విభాగం వాళ్ల బీరు ఫ్రిజ్ ఉంది. సెలవు సోమవారం విభాగం వాళ్లంతా ఆరుబయట మాంసం కాల్చుకుతిన్న బార్బెక్యూ విందు కోసం రాస్ అక్కడికి తోయించాడు. దాని తీగ పట్టుకుని చూసింది. అది అందే ప్లగ్గు ఒక్కటే, తలుపు లోపల. అది ఎలకల గది ఏసీకి వాడేది.

తలుపు తట్టకుండా రాస్ గదిలోకి వెళ్లింది. గ్రంథుల సంగతి చెబితే ఆయన చప్పరించేశాడు. తీగ సంగతి చెప్పేసరికి ముఖం కందగడ్డ అయింది. ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అనుకున్నానని, తెల్లారగానే వచ్చి మళ్లీ ఏసీ పెట్టేశానని గొణిగాడు. ఆ తర్వాత బేరానికి దిగాడు.

"నీళ్ల సీసా కారి ప్రయోగం పాడైందని చెప్పేద్దాం అమ్మడూ. నీ మీదకీ రాదు, నా మీదకీ రాదు. వచ్చే ఏడాది నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాగా."

"అంటే అంతా తెలిసే నన్ను దొంగలా నిలబెట్టారన్నమాట," అంది నరెల్.

ఆయన జవాబు కోసం ఆగకుండా ఆమె టీ గదికి నడిచింది. అక్కడ జనం బిస్కెట్లు ముంచుకు తింటూ క్రికెట్ మాట్లాడుకుంటున్నారు. వెనకాలే వచ్చిన రాస్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నరెల్ అందరి మధ్యకీ వెళ్లి నిలబడింది.

"సోమవారం బీరు ఎంత చల్లగా ఉందో గుర్తుందా? రాస్ చేత్తో ఇస్తే నేనూ రెండు తాగాను. ఎలకల గది ఏసీ ప్లగ్గు పీకేసి ఆయన ఆ ఫ్రిజ్ పెట్టారు. మనం అక్కడ నవ్వుకుంటుంటే గోడ అవతల అవి ఉమ్మి పూసుకుంటూ తెల్లార్లూ ప్రాణాలు నిలబెట్టుకున్నాయి. పొద్దున్నే వెళ్లి నేను చంపాను."

ఎవరూ రాస్ వైపు చూడలేదు, ఆమె వైపూ చూడలేదు. ఆ రోజు ఆ చల్లటి బీరు అందరూ తాగినవాళ్లే.