ఎర్రాళ్ళ మీద రెండు గోల్స్

మా బస్సు డిపోలో బ్రేకుల పని చూసే మేస్త్రికి మేనల్లుడంటే ప్రాణం. చెల్లెలి మొగుడు చిన్న వయసులోనే పోతే, తల్లినీ కొడుకునీ తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. పదేళ్ళు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. తర్వాత ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పనిలో కుదిరి, రెండు వీధుల అవతల రెండు గదులు అద్దెకి తీసుకుంది. అయినా పిల్లాడు పొద్దున ఒక ఇంట్లో లేస్తే సాయంత్రానికి ఇంకో ఇంట్లో తేలేవాడు. సన్నగా ఉన్నాడని ఎవరో పుల్ల అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

ఇరవై రెండేళ్ళకి మావయ్య మాట సాయంతో మా డిపోలోనే బస్సులు కడిగే పనిలో చేరాడు. రబ్బరు బూట్లేసుకుని పొద్దున్నుంచీ నీళ్ళ గొట్టంతో ఉండేవాడు. మాట తక్కువ. సాయంత్రం డిపో ఫుట్‌బాల్ జట్టుకి ఆడేటప్పుడు చూడాలి వాణ్ణి. ఎడమ కాలు. బంతి ఆ కాలికి అతుక్కుపోయినట్టే ఉండేది. టైర్ల సెక్షన్లో పనిచేసే నేను డిపో జట్టుకి గోల్ కాసే గోలీని కూడా. వాడు కొట్టిన బంతి ఎటొస్తుందో నాలుగేళ్ళయినా నాకు అంతుపట్టలేదు.

మేం అందరం నీలం జట్టు మనుషులం. డిపో మొత్తం మీద ఎర్ర జట్టుకి జై కొట్టేవాడు ఒక్కడే, హాజరు పట్టీ రాసే గుమాస్తా. ఆ ముందు సీజన్లో మా నీలాలు ఆఖరి మ్యాచ్ దాకా లీగ్‌లో పైన ఉండి, ఆఖరి రోజు డ్రా చేసుకుని, ఒక్క పాయింటు తేడాతో టైటిల్‌ని ఎర్రాళ్ళ చేతిలో పెట్టారు. వేసవంతా ఆ గుమాస్తా మా ఉసురు పోసుకున్నాడు. అరగంట సెలవు అడగడానికి వెళ్ళినా, "ఒక్క పాయింటు తగ్గింది, ఇవ్వలేను" అనేవాడు. మేస్త్రి అతని కిటికీ ముందుకి వెళ్ళడమే మానేశాడు.

అలాంటి రోజుల్లో పుల్లని నీలాల క్లబ్బు వాళ్ళు ట్రయల్‌కి పిలిచారు. డిపోల పోటీలో ఎవరో చూశారట. మూడు వారాలు వాళ్ళతో సాధన చెయ్యాలి, నచ్చితే తీసుకుంటారు. మేనేజరు సెలవిచ్చాడు. మేస్త్రి కాళ్ళు నేల మీద ఆనలేదు.

సీజన్ మొదలవడానికి ఇంకా నెల ఉందనగా, ఒక ఆదివారం మధ్యాహ్నం నీలాలకీ ఎర్రాళ్ళకీ ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టారు. మా ఫార్వర్డ్‌లు ఇద్దరు దెబ్బలతో కూర్చున్నారు. హాఫ్ టైమ్‌కి ఒకటి ఒకటి. రెండో సగంలో పుల్లని దింపారు. చొక్కా వాడి మీద కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. పది నిమిషాల్లో ఒకటి కొట్టాడు. ఎర్రాళ్ళ కెప్టెన్‌ని లోపలికి తిప్పి, వాడు కోలుకునే లోపు ఎడమ కాలితో మూలకి. తర్వాత కార్నర్‌లోంచి జారిన బంతితో ఇంకోటి. మూడు ఒకటి. నేనూ మేస్త్రీ స్టాండ్‌లో పక్కపక్కనే ఉన్నాం. మేస్త్రి అరవలేదు. నా మోచెయ్యి పట్టుకున్నాడు. మర్నాడు చూసుకుంటే అక్కడ నాలుగు వేళ్ళ గుర్తులు కమిలి ఉన్నాయి.

సోమవారం టీ వేళకి డిపోలో సగంమంది బ్రేకుల సెక్షన్లోనే ఉన్నారు. గుమాస్తా కూడా వచ్చాడు, అది అతని ధైర్యమే అనాలి. అసలు గోలీ ఆడలేదని, పెద్ద ఆటగాళ్ళు నలుగురు కాళ్ళు చాపుకుని పెవిలియన్లో కూర్చున్నారని, ఫ్రెండ్లీకి పాయింట్లుండవని, కప్పు ఉండదని ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నేను ఊరుకోలేదు. ఓడిపోవాలని దిగేవాడు ఎవడూ ఉండడని, వాళ్ళ కోచ్ గీత దగ్గర నుంచుని గొంతు చించుకోవడం కళ్ళారా చూశానని అన్నాను. రిటైర్మెంటుకి దగ్గర పడిన పాత డ్రైవరు ఒకాయన, రెండో సగంలో ఎర్రాళ్ళు పరుగే పెట్టలేదని, ఇలాంటి గెలుపులు తానెన్నో చూశానని నసిగాడు. మా వాళ్ళు ఆయన మీద పడ్డారు. ఏ కాలంలో గెలిచినా గెలుపు గెలుపే అని ఒకడు, టైటిల్ ఈసారి మనదే రాసి పెట్టుకోండి అని ఒకడు.

మేస్త్రి అందరినీ ఆపి నెమ్మదిగా చెప్పాడు. "గోలీ రెండోవాడే. ఒప్పుకుంటా. మావాడు తిప్పింది మాత్రం కెప్టెన్‌ని. పోయినేడు టైటిల్ ఎత్తింది ఆ కెప్టెనే."

గుమాస్తా గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. వేసవి మొత్తం పడ్డదానికి ఆ ఒక్క నిమిషం మాకు చాలు అనిపించింది. పుల్ల ఆ వారం డిపోకి వస్తే డ్రైవర్లు బస్సులు ఆపి దిగి మరీ చెయ్యి కలిపారు. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు.

పన్నెండు రోజుల తర్వాత నీలాలు వాణ్ణి ఇంటికి పంపేశారు. కోచ్ వాడితో మాట్లాడింది రెండు నిమిషాలట. బాగా ఆడావు, ఒంట్లో బలం చాలదు, పై దేశం నుంచి ఒక ఫార్వర్డ్‌ని కొంటున్నాం అన్నాడట. గుమాస్తా వదులుతాడా, "మీ కోచ్ పుల్ల విరిచినట్టు చెప్పేశాడన్నమాట" అన్నాడు. కోపం రావాల్సింది క్లబ్బు మీద. మాకు గుమాస్తా మీద వచ్చింది. టీ దగ్గర కూర్చుని క్లబ్బునే వెనకేసుకొచ్చాం. ఫ్రెండ్లీలో రెండు గోల్స్ చూసి ఎవరైనా సీజన్ మొత్తం అప్పజెప్తారా, టైటిల్ గెలవాలంటే అనుభవం ఉన్నవాడు కావాలి కదా అన్నాం. రెండు వారాల క్రితం మేమేం మాట్లాడామో ఒక్కడూ గుర్తు చెయ్యలేదు. మేస్త్రి కూడా తలూపాడు. క్లబ్బుకి తెలీదా అన్నాడు. పుల్ల మళ్ళీ రబ్బరు బూట్లేసుకున్నాడు.

ఆ వెనకే ఎర్రాళ్ళ మనిషి వచ్చాడు. క్లబ్బు కోసం ఆటగాళ్ళని వెతకడం అతని పని. సరాసరి చెల్లెలి ఇంటికెళ్ళి, ఏడాది కాంట్రాక్టు ఇస్తాం, శుక్రవారం లోపల చెప్పండి అన్నాడు. అది మంగళవారం. ఆ కెప్టెనే స్వయంగా చెప్పాడట, ఆ ఎడమకాలి కుర్రాణ్ణి తీసుకోండి, మళ్ళీ వాడికి ఎదురుపడడం నాకిష్టం లేదని.

పుల్ల ఆ రాత్రే సంతకం పెట్టొచ్చు. మావయ్యని అడిగి పెడతానన్నాడు.

బుధవారానికి ఈ సంగతి గుమాస్తా ద్వారా డిపో అంతా పాకింది. పోయిన నెల చేతులు కలిపినవాళ్ళే మొహాలు తిప్పుకున్నారు. మనం మోస్తే వాడు వాళ్ళ భుజం ఎక్కుతాడా అన్నారు. మేస్త్రి వస్తుంటే మాటలు ఆపేసి, ఆయన వెళ్ళేదాకా గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం ఎవరో ఆయన పనిముట్ల పెట్టె మూత మీద సుద్దతో పెద్ద అక్షరాలతో "ఎర్రాళ్ళ మేనమామ" అని రాశారు.

రాసింది నేనే. టైర్ల మీద తేదీలు రాసే సుద్దముక్క నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. నవ్వుతాడనుకున్నాను. నిజం చెప్పాలంటే అదీ కాదు, నాకు కడుపు మండింది. ఎందుకు మండిందని అడిగితే ఇప్పటికీ చెప్పలేను. వాడు నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు.

మేస్త్రి చూశాడు. గ్రీజు గుడ్డతో తుడిచాడు. ఎవరు రాశారని అడగలేదు. ఆ సాయంత్రం స్నానం కూడా చెయ్యకుండా, పని బట్టల్లోనే చెల్లెలి ఇంటికెళ్ళాడు.

అక్కడ జరిగింది తర్వాత ఆవిడే నాకు చెప్పింది. మేస్త్రి కూర్చోలేదు. నలభై ఏళ్ళుగా తానేమిటో అందరికీ తెలుసని, రేపు తలెత్తుకుని డిపోకి ఎలా వెళ్ళాలని అడిగాడు. ఆవిడ మొదట నచ్చజెప్పబోయింది. నీలాలు వద్దన్నారు, వీళ్ళు రమ్మన్నారు, ఇందులో వీడి తప్పేముంది అంది. మేస్త్రికి అదేం తలకెక్కలేదు.

"ఆ చొక్కా వేసుకుంటే మాత్రం నా గడప తొక్కద్దు" అన్నాడు.

పుల్ల మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు. కాసేపు తన పాదాల వంక చూసుకున్నాడు. తర్వాత, "సరే మావయ్యా" అన్నాడు.

"అన్నయ్యా, వీడు నిన్ను అడుగుదామని ఆగాడు," అంది చెల్లెలు. "అడక్కుండా పెట్టేసుంటే ఏం చేసేవాడివి?"

మేస్త్రి గడప దిగి వెళ్ళిపోయాడు. శుక్రవారం వచ్చింది, పోయింది. శనివారం డిపోలో అందరూ మళ్ళీ పలకరించారు. ఒకాయన మేస్త్రి భుజం తట్టి, రక్తం అంటే అదీ అన్నాడు. నేనూ టీ తెచ్చిచ్చాను.

సీజన్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పై దేశం నుంచి తెచ్చిన ఫార్వర్డ్ నాలుగు గోల్స్ కొట్టి, తొడ కండరం పట్టేసి కూర్చున్నాడు. నీలాలు ఆరో స్థానం. టైటిల్ మళ్ళీ ఎర్రాళ్ళకే. పుల్లకి ఇవ్వబోయిన చోటులో వాళ్ళు ఇంకో ఊరి కుర్రాణ్ణి పెట్టుకున్నారు. అతను తొమ్మిది గోల్స్ కొట్టాడని పేపర్లో చదివాం.

పుల్ల డిపో జట్టుకి ఆడడం మానేశాడు. మోకాలు నొప్పన్నాడు. మోకాలు నొప్పి ఉన్నవాడు అలా గెంతి బస్సు కప్పు ఎక్కి కడగలేడని నాకు తెలుసు. ఎవరితోనూ గొడవ పడలేదు, మావయ్యతో అసలే పడలేదు. అడిగితే పలికేవాడు. ఆయన ఇంటికి రావడం మాత్రం తగ్గిపోయింది.

మరుసటి వేసవిలో ఒక సెలవు రోజున మేస్త్రి నన్ను తోడు రమ్మన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. రెండు బస్సులు మారాక, ఎర్రాళ్ళ స్టేడియం కనబడితే అర్థమైంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గోళ్ళలో గ్రీజు పోయేదాకా సబ్బుతో రుద్దుకున్నట్టున్నాడు, వేళ్ళ చివర్లు ఎర్రగా ఉన్నాయి.

ఆఫీసు ముందు గదిలో గంటన్నర కూర్చున్నాం. గోడ పొడుగునా అద్దాల బీరువాల్లో వాళ్ళ కప్పులు. మేస్త్రి ఒక్కసారి కూడా అటు చూడలేదు. చివరికి ఆటగాళ్ళని వెతికే ఆ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే, మంచినీళ్ళు తెప్పించాడు. ముందు గుర్తు రాలేదు. ఫ్రెండ్లీ, రెండు గోల్స్, ఎడమ కాలు అని చెప్తే, అవునవును అన్నాడు. ఇప్పుడెక్కడ ఆడుతున్నాడని అడిగాడు.

"ఆడడం లేదండి," అన్నాడు మేస్త్రి.

వయసెంతని అడిగాడు. ఇరవై ఏడు. ఏడాదిగా ఆట లేని ఇరవై ఏడేళ్ళవాణ్ణి తెచ్చి కోచ్ ముందు నిలబెట్టలేనని, తనని మాటపడేలా చెయ్యొద్దని నెమ్మదిగానే చెప్పాడు.

"తప్పు వాడిది కాదండీ. వాడొస్తానన్నాడు. నేనే ఆపాను," అన్నాడు మేస్త్రి. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అది ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభమండీ" అన్నాడాయన. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

తిరుగు బస్సులో నేను సుద్దముక్క సంగతి చెప్పేద్దామనుకున్నాను. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెప్పలేకపోయాను.

మర్నాడు ఆయన బస్సులు కడిగే చోటికెళ్ళి మేనల్లుడికి అంతా చెప్పాడు. దాచుకోవడం ఆయనకి చేతకాదు. నేను టైరు దొర్లించుకుంటూ అటే వెళ్తున్నాను. పుల్ల నీళ్ళు కట్టేసి విన్నాడు. మొహంలో కోపం లేదు.

"ఎందుకెళ్ళావు మావయ్యా," అన్నాడు. "వాళ్ళైనా నన్ను కావాలనుకున్నారని ఒకటి ఉండేది నాకు. ఇప్పుడు అదీ తీసేశావు."

మేస్త్రి ఏదో అనబోయాడు. పుల్ల మళ్ళీ నీళ్ళు వదిలాడు, ఆ చప్పుడులో ఏమీ వినబడలేదు.

రెండు నెలల్లో వాడు బదిలీ పెట్టుకుని, పది గంటల ప్రయాణం ఉన్న ఒక డిపోకి వెళ్ళిపోయాడు. తల్లినీ తీసుకెళ్ళాడు. వెళ్ళే ముందురోజు మేస్త్రి ఇంటికి ఇద్దరూ భోజనానికి వచ్చారు. ఆ సంగతి మేస్త్రి నాకు బ్రేకు డ్రమ్ము విప్పుతూ చెప్పాడు. వాడు పెట్టిందల్లా తిన్నాడట. అత్తయ్య వంట బాగుందని మెచ్చుకున్నాడట. పదేళ్ళు ఆ ఇంట్లో తిరిగినవాడు, వంటింట్లో కుండ ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడు, లేచి వెళ్ళి ముంచుకోకుండా, "కొంచెం మంచినీళ్ళు ఇస్తారా" అని అడిగి తాగాడట.

"ఇస్తారా అన్నాడురా," అన్నాడు మేస్త్రి. డ్రమ్ము నేల మీద పెట్టాడు. "నన్ను తిట్టుంటే బాగుండేది."