నూట నలభైమూడు ‘లేదు’లు

ఐదేళ్ల కిందట, అంటే తొంభై రెండులో, ప్రపంచంలోని పెద్దలంతా ఒకచోట చేరి, భూమిని పాడుచెయ్యకుండా అందరం బాగుపడదామని ఒప్పుకుని, ఫొటోలు దిగి ఇళ్లకు వెళ్లారు. ఏ దేశం ఎంత బాగుపడిందో తేలాలంటే మాత్రం ఎవరో ఒకరు ఎండలో తిరగాలి కదా. చెన్నైలో ఆ తిరుగుడు వాషర్‌మెన్‌పేట్ హైమ నెత్తిన పడింది. పెరంబూరులోని ఒక సర్వే ఆఫీసులో నాలుగేళ్లుగా ఆమెది రోజుకూలి ఉద్యోగం. ఈ నెలలో పర్మనెంటు చేయిస్తానని సూపర్‌వైజరు వెంకటాచలం మాటిచ్చాడు. ఆర్డరు టైపై ఆయన సొరుగులోనే ఉంది. సంతకమొక్కటే తరువాయి.

ఎన్నూరులో క్రీకు అనే ఉప్పుటేరు పక్కనున్న కుప్పానికి, అంటే జాలర్ల పేటకు, హైమ వెళ్లడం ఇది రెండోసారి. తొంభై అయిదులో వెళ్లినప్పుడు ఇంటికో ఫారం నింపింది. ‘దగ్గరలో నీటి వసతి ఉందా?’ అన్న గడిలో నూట నలభైమూడు ఇళ్లకూ ‘ఉంది’ అని రాసింది. అబద్ధం రాయలేదు. చేతిపంపు ఉంది, కొడితే నీళ్లొస్తున్నాయి. ఈసారి చూస్తే ఆ పంపు దగ్గర ఆడవాళ్లు వలలు కడుగుతున్నారు. తాగడానికి మాత్రం మైలు దూరం నడిచి, లారీల మధ్య రోడ్డు దాటి, బిందెలు మోసుకొస్తున్నారు.

మునియక్క అనే ముసలామె హైమను గుర్తుపట్టింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని హైమకు తర్వాత అనిపించింది.

"ఆ పొద్దు నీళ్లు వస్తాయా అని అడిగినావు, వస్తాయంటిమి. తాగతారా అని అడగలేదు గదమ్మా," అంది మునియక్క. "ఈడ నీళ్లున్నాయని నువ్వు రాసినాక తాగేనీళ్ల లారీ నిలిపేసినారు. రెండేండ్లాయె."

హైమకు తల కొట్టేసినట్టయింది. పంపు కొట్టి దోసెడు నీళ్లు నోట్లో పోసుకుంది. ఉప్పు, దాని వెనకాల నూనె కంపు. రెండు రోజుల్లో నూట నలభైమూడు ఫారాల్లోనూ ‘లేదు’ అని రాసి సంతకం పెట్టింది.

ఆ కట్ట చూసి వెంకటాచలం నీరసపడిపోయాడు. చెడ్డవాడు కాదాయన; పైవాళ్లంటే వణుకు, అంతే. అన్ని దేశాలూ కిందటిసారి కంటే పెరిగామని చూపిస్తుంటే, మనం తగ్గామని పంపితే పరువేం కావాలన్నాడు. పంపు ఎక్కడికీ పోలేదు కదా అన్నాడు. ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఫారంలో ఏది దిద్దాలన్నా, రాసినవాళ్లే అడ్డంగా గీత కొట్టి పక్కన పొడి సంతకం చెయ్యాలి. వేరే చెయ్యి పడితే ఫారం చెల్లదు. కనుక బతిమాలడం తప్ప ఆయనకు గతి లేదు. ఆర్డరు తీసి బల్లమీద పెట్టాడు.

"దిద్ది ఇచ్చేయమ్మా. నేను దీన్లో సంతకం పెట్టేస్తా. నెంబరు తగ్గినట్టు మాత్రం పైకి పోకూడదు."

హైమ ఆ కాగితం వైపు చూసింది. ఆశ లేదంటే అబద్ధం. ఉద్యోగం ఖాయమని వీధిలో స్వీట్లు కూడా పంచేసింది. అయినా రోడ్డు దాటుతున్న ఆ బిందెలు కళ్లముందు మెదిలి ఒళ్లు మండింది. దిద్దుతానంది. ఆయన హమ్మయ్య అనుకున్నాడు.

ఆమె బీరువా తెరిచి తొంభై అయిదు నాటి కట్ట దించింది. తాడు విప్పి, ఆయన ఎదుటే కూర్చుని, మొదటి ఫారంలో ‘ఉంది’ మీద గీత కొట్టి, ‘లేదు’ అని రాసి, పొడి సంతకం చేసింది. రెండోది తీసింది. ఆయన లాక్కోబోయి, ఫారాలు చిరిగితే తన మీదికే వస్తుందని ఆగాడు. ఆర్డరు చింపేస్తానన్నాడు. చింపుకోమంది. ఆయన అన్నంత పనీ చేశాడు. హైమ చెయ్యి ఆగలేదు. రాసింది తనే గనుక దిద్దే హక్కూ తనదేనంది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

ఆఖరి ఫారం అయ్యాక రెండు కట్టలూ ఆయన ముందుకు జరిపింది.

"ఇప్పుడు తగ్గలేదు సార్. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పంపించండి."