వెచ్చటి గోడ

ఆ ఇంట్లో అత్తగారి నడుంనొప్పికి మందు ఒక గోడ. వానాకాలం రాగానే నడవకీ తన గదికీ మధ్యనున్న పల్చటి ఇటుకగోడకు వీపు ఆనించి కూర్చునేది. హాయిగా, వెచ్చగా ఉంటుందనేది. ఆ గోడకు అవతలివైపు, నడవలో, పాత ఫ్యూజుపెట్టె ఉంది. పోయిన మామగారు తన చేతులతో బిగించినది. ఆయన వేసిన ఫ్యూజు ఒక్కసారైనా పోయిందా అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ వెచ్చదనం కూడా ఆయనదేనని పైకి అనకపోయినా, కళ్ళు మూసుకుని కూర్చున్న వాలకం చూస్తే తెలిసిపోయేది.

కోడలు ఇంట్లోనే బట్టలు కుట్టేది. పని పెరిగి మిషనుకు మోటారు పెట్టించింది, పెద్ద ఇస్త్రీపెట్టె కొన్నది. ఇస్త్రీపెట్టె వెయ్యగానే దీపం గుడ్డిదయ్యేది. ఫ్యూజు మాత్రం పోయేది కాదు. చూశావా మీ మామగారి పనితనం అని అత్తగారు మురిసిపోయింది.

ముసురు పట్టిన ఒక పొద్దున కోడలు ఆ గది ఊడుస్తూ ఆగిపోయింది. గోడలన్నీ చెమ్మ పీల్చి నల్లబడ్డాయి. ఒక్కచోట, సరిగ్గా అత్తగారి వీపంత మేర, సున్నం తెల్లగా పొడిగా ఉంది. అరచెయ్యి ఆనించింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది. వెళ్ళి ఇస్త్రీపెట్టె ఆపి వచ్చింది. కాసేపటికి గోడ చల్లారింది. మళ్ళీ వేసింది. మళ్ళీ కాగింది.

ఆ పూటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించింది. అత్తగారు పెట్టెకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. ఎన్నడూ పోనిదాన్ని మార్చడమేమిటని, తాను పోయాక ఇల్లంతా మార్చుకోమని మూతి ముడిచింది.

"మార్చొద్దులే అత్తయ్యా. మూత తీసి చూద్దాం, అంతే," అంది కోడలు.

మెయిన్ ఆపి, పీట మీదున్న అత్తగారి తల మీదుగా చెయ్యి చాపి మూత తీశాడతను. టార్చి వేసి లోపలికి వంగాడు. లోపలి చెక్క బొగ్గై, నల్ల మఖమల్‌లా మెరుస్తోంది. దాని నిండా సన్నటి పాయలు, ఎవరో తీరిగ్గా కూర్చుని చెక్కినట్టు, చెట్టు వేళ్ళలా గోడలోకి పాకిపోయాయి. ఫ్యూజు పట్టే పింగాణీ దిమ్మె నెర్రెలిచ్చింది. స్క్రూడ్రైవరు కొస తగలగానే చెక్క పొడై రాలింది. ఆ బొగ్గును ఆనుకునే ఇన్నాళ్ళూ ఇల్లు వండుకుంది, తిన్నది, నిద్రపోయింది. మధ్యలో ఫ్యూజుతీగ ఉండాల్సినచోట బట్టలారేసే తీగంత లావు రాగితీగ, చెక్కుచెదరకుండా.

"సన్నతీగ వేసేది అది ముందు కరగాలనే పెద్దమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఇది కరగనంది. అందుకని చుట్టూ ఉన్నవన్నీ కాగాయి."

అత్తగారు లేచి చూసింది. కొండ అంచున కూర్చుని ఇన్నేళ్ళూ కూరగాయలు తరిగానని అప్పుడే తెలిసినట్టుంది ఆవిడ మొహం.

"అప్పట్లో వంట మధ్యలో దీపం పోతోందని రోజూ నేనే సాధించాను," అంది. "నా నోరు మూయించడానికి ఈ లావుతీగ వేశారు మహానుభావుడు."

పీట పక్కకు జరిపింది.

"తీసెయ్ నాయనా."

పెట్టెతోపాటు మాడిన తీగలూ పోయి కొత్తవి వచ్చాయి, ఫ్యూజు బదులు బరువెక్కితే తనంతట తానే పడిపోయే మీట వచ్చింది. మర్నాడు మోటారు, ఇస్త్రీపెట్టె, నీళ్ళ హీటరు ఒకేసారి వేస్తే టక్కున మీట పడింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఏ మాట వినాల్సొస్తుందోనని కోడలు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అత్తగారు రెండు చేతులూ గోడకు ఆనించి ఉంది.

"చల్లగా ఉందే," అంది, కొత్తగా కట్టిన గోడను తడుముతున్నట్టు. "రాయిలా ఉంది."

తర్వాత నడుం పట్టుకుని మంచం మీద కూర్చుంది.

"ఆ ఇస్త్రీపెట్టె ఆపి మీట ఎత్తు. హీటరు కాగాక నాకు వేడినీళ్ళ సంచి తెచ్చిపెట్టు."