రెండో పెంకు

మామిడికుదురులో స్కూలు షెడ్డులో కరుణ ఆడపిల్లలకు కరాటే క్లాసు మొదలుపెట్టి ఏడాదైంది. నలుగురే మిగిలారు. జూన్ నెలాఖరులోగా పిల్లల సంఖ్య పెరగకపోతే షెడ్డు కంప్యూటర్ క్లాసుకు ఇచ్చేస్తానని స్కూలు కరస్పాండెంటు మర్యాదగానే చెప్పేశాడు.

కరుణ ఇంటింటికీ తిరిగింది. కూర్చోబెట్టి మజ్జిగిచ్చినవాళ్లే, పిల్లను పంపే మాట వచ్చేసరికి నవ్వి ఊరుకున్నారు. ఇలా లాభం లేదని, ఆదివారం సాయంత్రం స్కూలు ఆవరణలో ప్రదర్శన ఉందని రిక్షాకు మైకు కట్టి చాటించింది. ఆ రోజు పొద్దుటినుంచీ ముసురు.

జనం బాగానే వచ్చారు. కానీ పిల్లలు విన్యాసాలు చేస్తుండగానే వెనక వరసల వాళ్లు గొడుగులు తీసుకుని లేవడం మొదలుపెట్టారు. చివర్లో, ఎనిమిదో తరగతి చదివే శ్రీవాణి చేత్తో బంగాళాపెంకు పగలగొట్టాలి. రోజూ ఒక్క పెంకు మీదే సాధన చేసింది. లేచిపోతున్న వాళ్లను చూసి కరుణ గబగబా దానిమీద మరొకటి పెట్టింది. శ్రీవాణి బెదురుగా ఆమె ముఖంలోకి చూసింది.

"కొట్టమ్మా," అంది కరుణ.

పెంకులు పగల్లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని కూలబడింది. తండ్రి కాశీవిశ్వనాథం వచ్చి, కరుణను ఒక్క మాటా అనకుండా, కూతుర్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. మైకు తీసుకుంది.

"పిల్ల తప్పేం లేదండీ. నేను దానికి ఒక్క పెంకు మీదే నేర్పేను. మీరంతా వెళ్లిపోతున్నారని కంగారుపడి రెండోది పెట్టేను."

ఇంకేం చెయ్యాలో తోచక, మా క్లాసులో మొదట నేర్పేది కొట్టడం కాదు, దెబ్బ తగలకుండా పడటం అంటూ ఆ తడినేల మీదే వెనక్కి పడి, దొర్లి, లేచి నిలబడింది. ఒళ్లంతా బురద.

కిందటేడు కాలవ రేవులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న సుబ్బాయమ్మ, కర్ర ఊతంతో ముందుకొచ్చింది.

"మళ్లీ పడమ్మా, చూస్తాను."

కరుణ మళ్లీ పడింది.

"ఇది మా మనవరాలికి నేర్పుతావా?"

"ఆయ్, తప్పకుండానండీ."

సోమవారం సుబ్బాయమ్మ తన మనవరాలు భవానీదేవిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ వీధి పిల్లలూ వెనకే వచ్చారు. నెలాఖరుకు షెడ్డు నిలిచింది. శ్రీవాణి మాత్రం రాలేదు. చెయ్యి వాచిందే తప్ప ఎముక విరగలేదని తెలిసినా కరుణ మనసు కుదుటపడలేదు. వాళ్లింటికి వెళ్లింది. కాశీవిశ్వనాథం కుర్చీ వేశాడు.

"తప్పు మీదేనని అందరి ముందూ ఒప్పుకున్నారట. నాకేం కోపం లేదండీ. కానీ దానికి మనసు రావాలి గదా, నేను పంపితే కాదు."

లోపలినుంచి శ్రీవాణి బయటికి రాలేదు. కరుణ కాసేపు కూర్చుని వచ్చేసింది.

జూలై సగం గడిచాక ఒక సాయంత్రం క్లాసు మధ్యలో శ్రీవాణి వచ్చి, చిన్నపిల్లల వెనక నిలబడింది. కరుణ ఆమెను ముందుకు పిలవలేదు. పాఠం సాగించింది.