పలుకులు బాగానే ఉన్నాయి

ఆమె భర్త చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి ఆయన అన్నాడు: "రేపు విచారణలో ఏమడిగినా మందు పలుకులు బాగానే ఉన్నాయని చెప్పు. పోయినావిడ ఎలాగూ పోయింది."

ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. కొండలు పిండి చేసే పేలుడు మందు తయారవుతుందక్కడ. ఉత్పత్తి ఆయనది, మైక్రోస్కోపు ఆమెది. మందు పలుకు, అంటే గింజ, పైన నున్నగా, లోపల గట్టిగా ఉంటే ఒత్తిడికి ఓర్చుకుంటుంది. లోపల బుడగలుంటే, ప్రెస్సు కింద ఆ ఖాళీ నలిగి అక్కడే నిప్పు పుడుతుంది. తొందరకొద్దీ ఆయన గబగబా చల్లార్పించిన సరుకులో పలుకులు వంకరటింకరగా, అంచులు విరిగి, కడుపునిండా బుడగలతో కనిపించాయి. ప్రెస్సుకి పంపొద్దని అప్పుడే మీటింగులో చెప్పిందామె.

"మా ఆవిడంతేనండీ. ఇంట్లో బియ్యంలో రాళ్లు ఏరీ ఏరీ, ఇక్కడా రాళ్లే కనిపిస్తాయి," అన్నాడాయన. గదంతా నవ్వింది.

మీటింగు మర్నాడు అత్తగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే పని ఆమెకే పడింది. సెలవు ఆయనే రాయించాడు. ప్రెస్సు నడిపే ఆవిడ, మైక్రోస్కోపు చూసే ఆమెని డాక్టరనే అనుకుని, రోజూ ల్యాబు కిటికీ దగ్గర ఆగి, "డాక్టరమ్మా, ఇవాళ్టి మందు మంచిదేనా?" అని అడిగి వెళ్లేది. ఆ రోజు అడగడానికి కిటికీలో ఎవరూ లేరు. మధ్యాహ్నానికి ప్రెస్సు గదీ లేదు, ఆ మనిషీ లేదు.

విచారణలో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. విచారణ చేస్తున్న పెద్దాయన ఓపిగ్గా విని, "ఇంట్లో ఏమైనా గొడవలున్నాయామ్మా?" అని మెత్తగా అడిగాడు. చివరికి ప్రెస్సు నడిపినావిడ అజాగ్రత్త అని తేల్చారు. "కట్టుకున్నవాణ్ణి బజారుకీడ్చావు కదే," అంది అత్తగారు. ఆయన కోప్పడలేదు. అదే ఆమె భరించలేకపోయింది. "నీ ఒంట్లో బాలేదని సర్దిచెప్పాను. కొన్నాళ్లు ఇంట్లో ఉండు," అన్నాడు, బిడ్డకి చెప్పినట్టు.

వారం తిరక్కుండా ఆమె, చనిపోయినావిడ చెల్లెలి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. చెల్లెలు బట్టలు కుడుతోంది. తనెవరో ఆమె చెప్పినా తలెత్తలేదు.

"మా అక్క అజాగ్రత్త మనిషి కాదు."

"కాదు. తప్పు మా ఆయనది."

మిషను ఆగింది. "కోర్టులో చెప్తారా ఆ మాట?"

"చెప్తాను."

నమ్ముతారన్న ఆశ ఆమెకేమీ లేదు. రేపు ఇంకో పెద్దాయన ఇంకాస్త మెత్తగా అదే ప్రశ్న అడుగుతాడు. పోయిన మనిషి లేచి రాదు.

"అలా చెప్పి మళ్లీ ఆ ఇంటికెలా వెళ్తారండీ?" అంది చెల్లెలు.

"అక్కణ్ణించి వచ్చేశాకే మీ దగ్గరికొచ్చాను."