జున్ను డబ్బాలో పొత్తిగుడ్డలు

మా అత్త స్తమెనా మీద నా కోపం ఈనాటిది కాదు, ఈ జన్మలో తీరేదీ కాదు. నా కూతురి పొత్తిగుడ్డలు ముప్పై రోజుల పాటు తన చేత్తో ఉతికింది. వాటిలో ఏం కనిపిస్తోందో నాతో ఒక్క ముక్క అనలేదు.

మా కొండల్లో బాలింతనూ బిడ్డనూ నలభై రోజులు గడప దాటనివ్వరు. పొద్దుగూకాక పొత్తిగుడ్డలు కూడా బయట ఉండకూడదు. ఆ పెత్తనమంతా అత్తదే. నేను ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాణ్ణి. నలభై నాలుగో ఏట తండ్రినయ్యాను. ఆమె లెక్కలో నేను గొర్రెకు ఎక్కువ, మనిషికి తక్కువ. నర్సు మొదటి వారంలో ఒకసారి వచ్చి వెళ్లింది. తర్వాత మంచుకు దారి మూసుకుపోయింది.

బిడ్డ రోసా ఒళ్లు పచ్చబడితే, పుట్టిన పిల్లలందరూ అంతేనంటూ అత్త, పసుపు లాగేస్తుందని బిడ్డ స్నానం నీళ్లలో బంగారు నాణెం వేసింది. మూడు వారాలు దాటినా పసుపు తగ్గలేదు. పాలు బాగానే తాగుతోంది కదా అని నేను ఊరుకున్నాను. నా భార్య నెవేనాకు ఇదే మొదటి కాన్పు, వాళ్లమ్మ మాటే నమ్మింది.

ముప్పై ఒకటో రోజు అత్తకు నడుం పట్టేసింది. ఉతికే తొట్టి ముందు నేను కూర్చున్నాను.

ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణే, కానీ పాతికేళ్లుగా ఈనిన గొర్రెల వెనక తిరుగుతున్నాను. పిల్ల వేసిన మొదటి నల్ల జిగురూ, ఆ తర్వాతి పసుపూ చూసి అది నిలుస్తుందో లేదో చెప్పగలను. మొదటి గుడ్డ విప్పాను. తల్లిపాలు తాగే బిడ్డది నూరిన ఆవముద్దలా ఉండాలి. ఇది గోడకు కొట్టే సున్నంలా ఉంది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఉచ్చ మరక చూస్తే టీ ఒలికినట్టు ముదురు రంగు. పసిబిడ్డ ఉచ్చకు మరకే ఉండకూడదు.

లోపలికెళ్లి అడిగాను. అత్త మంచంలోంచి తాపీగా చెప్పింది.

"పాలు తాగే పిల్లకి పాలలాగే పోతుంది అల్లుడూ. ఎంత శుభ్రంగా ఉందో చూశావా? ఉతకడం కూడా తేలిక."

ఎన్నాళ్ల నుంచీ అంటే, రెండో వారం నుంచీ అంది, మెచ్చుకుంటానేమో అన్నట్టు.

బిడ్డను తీసుకెళ్లనివ్వరని తెలుసు. గుడ్డలకు మాత్రం ఆ నియమం లేదు. మూడింటినీ జున్ను డబ్బాలో పెట్టి మూత బిగించాను. దారి అప్పుడే తెరిచారు; పాల లారీ ఎక్కి స్మొల్యాన్ పట్నంలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వరసలో నా పక్కనున్నామె ముక్కు చిట్లించి, ఏ గొర్రె జున్ను బాబాయ్ ఇది అని అడిగింది. నా కూతురిది అన్నాను. ఆమె లేచి వేరే బెంచీకి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ గుడ్డలను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. కాలేయం నుంచి పేగులోకి పైత్యరసం దిగే దారి మూసుకుపోయి ఉండొచ్చని చెప్పింది. మలానికి రంగునిచ్చేది ఆ రసమే; అది దిగకే ఒళ్లు పచ్చబడుతుంది. పరీక్షలు చేసి, అదే అయితే కోసి దారి చేయాలి. రెండు నెలలు నిండకముందే చేస్తే మేలు, ఆలస్యమయ్యేకొద్దీ కాలేయం గట్టిపడుతుందట.

"బిడ్డేదీ?" అంది.

"ఇంకా నలభై నిండలేదమ్మా."

"నలభై మీ లెక్క. నాది అరవై. అందులో సగం ఇంట్లోనే అవగొట్టారు. రేపు పొద్దున్నే తీసుకురండి."

మర్నాడు పొద్దున నెవేనా బిడ్డకు దుప్పటి చుట్టి బయల్దేరేసరికి, అత్త నడుం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆమె ఎప్పుడూ అరవదు.

"నలభై నిండకుండా నా గడప దాటించావంటే, పిండిమర పక్క గడ్డి భూమి నీకు రాయను. మిత్కోకి రాసేస్తాను."

మిత్కో ఆమె కొడుకు. పట్నంలో టాక్సీ తోలుతాడు, గొర్రెకూ మేకకూ తేడా తెలియదు. ఆ భూమి ఇస్తానన్న మాట మీదే నేను ఇల్లరికం వచ్చాను. పన్నెండేళ్లు అందులో రాళ్లు ఏరింది నేను.

"రాసుకో అత్తా. పక్కకి జరుగు," అన్నాను.

ఆమె జరగలేదు. నెవేనాయే తల్లి భుజం పట్టుకుని మెల్లగా జరిపింది.

డాక్టరమ్మ అనుమానించిందే నిజమైంది. రాజధాని సోఫియాలో నలభై ఒకటో రోజున ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత నాకు ఒకటే పని, ప్రతి గుడ్డా విప్పి చూడటం. ఐదో రోజున లేత ఆకుపచ్చ కనిపించింది. తొమ్మిదో రోజున అసలైన ఆవముద్ద. ఆ గుడ్డను వార్డంతా తిప్పి చూపించాను. రోసాకు ఇప్పుడు పదకొండేళ్లు. మందులు మింగుతూనే ఉంది, కొండ మాత్రం నాకంటే ముందు ఎక్కుతుంది.

బిడ్డ బతికింది తన బంగారు నాణెం వల్లేనని అత్త ఊళ్లో చెప్పుకుంటుంది. చెప్పుకోనీ. మాట మీద నిలబడే మనిషి, ఆ వసంతంలోనే గడ్డి భూమి మిత్కోకి రాసిచ్చింది. ఇప్పుడక్కడ మోకాలెత్తు ముళ్లు. నేను వదులుకున్నదాన్ని రేపెవరూ తక్కువ చేసి చెప్పకుండా కొలత రాసిపెడుతున్నాను: వాగు ఒడ్డు నుంచి బండిబాట దాకా, ఏడు వేల మూడు వందల నలభై చదరపు మీటర్లు.